బోర్లేసిన కాయితం

ఏనుమాముల యార్డు రెండో గేటు ఎదురుంగ
నా ఎస్టీడీ డబ్బా.
దాంట్ల ఒక ఫ్యాక్సు మిషిను, దాని పక్కన నేను.
పేరు కొంరమ్మనే గానీ
అందరి నోట్ల ఫ్యాక్సక్కనే.

ముందుగాల గుర్రుమనేది, ఎన్క సన్నగ కూత.
అవతల ఎవరో "సిగ్నల్ ఇయ్యమ్మా" అంటే
పచ్చ బటను నొక్కేదాన్ని.
కాయితం నాలికె తీర్గ బయటికొచ్చేది
వేడి వేడిగ.

వచ్చింది వచ్చినట్టే బోర్లేసుడు నా అలవాటు.
ఎవలు నేర్పలే.
డబ్బాల ఆరుగురు నిలబడి
మిర్చి రేటు కోసం మెడలు సాపుతుంటె
ఇంకేం తాళముంటది,
నా అరచెయ్యి తప్ప?

నేను చదువకుండ ఎట్లుంట?
ఎవలికియ్యాల్నో పేరు చూడాలె గదా.
పేరు కోసం పోయిన కన్ను కిందికి జారేది.

ఓదెలు భార్య గొంతుల గడ్డ సంగతి
ఓదెలు కన్న ముందు నాకు తెల్సింది.
హైదరాబాదు నుంచి రెండు పేజీలు.
మడతపెట్టి ఇచ్చిన.
"ఏం రాసిండ్రక్కా?"
"డాక్టర్ను అడుగు బిడ్డా."
పది రూపాయలిచ్చిండు. తీసుకున్న.

ఒకపారి గుంటూరు గుమాస్త
ఆఖరంకె ఏడుకు ఒకటి కొట్టిండు.
రాజేశం సేటుకు రావల్సిన ముచ్చట
ఎదురు అడ్తి మిషిన్ల పడ్డది.
తెల్లారి ఎనిమిదింటికల్లా
క్వింటాలుకు రెండు నూర్లు దిగింది.
సేటుకేం కాలే.
రాత్రంత బస్తాల మీద పండుకున్నోళ్లకే అయింది.

మొదటి మిషిను మైనం కాయితం
రెండేండ్లకు తెల్లబోయేది.
రసీదులు పోయినయని తిట్టుకునేటోళ్లు జనం.
మరిచిపోవుడు గూడ ఒక కాపలానే అని
అప్పుడు నాకూ తెలువలే.

తర్వాత రీలు మిషిను తెచ్చిన.
అక్షరం ముత్యం తీరు.
నా డబ్బాల గుట్టు గడప దాటదని
లోపల లోపల గొప్పలు.

గీసుగొండ దిక్కు పోతుంటె ఒకనాడు
మక్కచేను చుట్టూ నల్ల రీలు కట్టి ఉన్నది,
పిట్టలు రావద్దని.
దగ్గరికి పోయిన.
నాదే.
అయిపోయిందని నేను పారేస్తె
పాతసామాన్లోడు ఏరుకపోయి అమ్ముకున్నది.
అచ్చు పడ్డకాడల్ల రంగు ఊడి
అక్షరం అక్షరం ఎండ జొచ్చే సందు.
బ్యాంకు నోటీసులు, కోర్టు తారీకులు,
ఓదెలు భార్య పేరు
గాలికి మెలివడి మల్ల సాపయితున్నది.

నేను బోర్లేసినవన్ని
సూర్యుడు ఎల్లెలకల చదువుతున్నడు.
పిట్టలు మాత్రం రాలే.

సగం తెంపి సంచిల కుక్కుకున్న.
మిగతా సగం తెంపనియ్యలే చేను ఆసామి.

ఇప్పుడు డబ్బా లేదు.
హన్మకొండ ల్యాబుల చేసే ఆడిబిడ్డ బిడ్డ రవళిక
"ఫ్యాక్సు ఫోన్లకే వస్తదత్తా" అంటది.
పాత తీగకు ఎవడన్న గిచ్చి చెవి పెట్టొచ్చునట,
దీనికి దారి పొడుగూత తాళమేనట,
నడుమల దొరికినోడికి గజిబిజి తప్ప కనవడదట.
ఆరంకెలు కొడితెనే తెరుసుకుంటది.
నిజమే.
నా అరచెయ్యి కన్న గట్టిదే.
నడుమల నా కండ్లు గూడ లేవు.

"రాత్రిపూట యాడ పంటది కాయితం?" అన్న.
"సర్వర్ల."
"అదే ఊర్ల ఉన్నది?"
"తెల్వదత్తా."
"ఆడ చెత్త ఎవలు ఊడుస్తరు?"
పిల్ల నవ్వింది.

నిన్న నా షుగర్ రిపోర్టు వచ్చింది.
ఆరంకెలు కొట్టి తెరిచి చూసిన.
ఫోను బల్ల మీద బోర్లేసిన,
చెయ్యికి యాదికున్నది.
ఎన్క మల్ల తీసి డిలీట్ కొట్టిన.
చెత్తబుట్ట బొమ్మ
ఒకపారి మూత తెరిచి మూసుకున్నది.

దాన్ని
ఏ చేను చుట్టూ కడుతరో.